నాలుగూ పదికి

మూడు వారాలుగా
మా శూన్యం కారిపోతోంది.

అనంతపురం, మార్చి నెల.
ఫిజిక్స్ బ్లాకు వెనక గదిలో
గుండిగంత స్టీలు ఛాంబరు.
అల్యూమినియం రేకు చుట్టి
రెండు పగళ్లూ రెండు రాత్రులూ కాల్చాం.
లోపల ఒక రాగి బిళ్ల, చిటికెన వేలి గోరంత.
పంపు కూస్తూనే ఉంది,
కరెంటు పోయినప్పుడు గొంతు తగ్గించి
జనరేటర్ అందుకోగానే మళ్లీ పెంచి.

గేజీ ముల్లు పొద్దంతా బుద్ధిగా పడుకుంటుంది.
సాయంత్రం లేస్తుంది.
మాస్టారు అన్నారు, లీకు.
నేనూ అన్నాను, లీకు.
ప్రతి బోల్టూ బిగించాను.
ప్రతి అతుకు మీదా స్పిరిట్ చుక్క వేయడం, ముల్లు వైపు చూడడం,
చుక్క వేయడం, చూడడం.
కొత్త గ్యాస్కెట్లు అడిగి, డబ్బుల్లేవని చెప్పించుకున్నాను.

దస్తగిరి ఏమీ అనలేదు.
లాగ్‌బుక్‌లో అన్నీ రాసే మనిషి ఆయన:
"కరెంటు పోయె."
"చెనిక్కాయల లారీ పోయె, టేబులు అదిరె."

ఇరవయ్యో రోజు పుస్తకం నా ముందు తెరిచాడు.
నాలుగూ పది. నాలుగూ పది. నాలుగూ పన్నెండు.
మబ్బు పట్టిన ఆ ఒక్క గురువారం
ఏమీ లేదు.
"బొక్క టైము చూసుకోని తెరుచుకుంటాదా మేడం?"

ఇద్దరం కిటికీ వైపు తిరిగాం.
విరిగిన రెక్క సందులోంచి ఎండ పట్టీ ఒకటి
నేల మీద, స్టూలు మీద, ఛాంబరు మెడ మీద పాకి
క్వార్ట్జ్ కంట్లోంచి లోపలికి దిగుతోంది.

నోటుబుక్కు అడ్డం పెట్టాను. ముల్లు పడింది.
తీశాను. లేచింది.
వేడి కాదు. వేడి పెనం లాంటిది,
ఆలస్యంగా ఎక్కి ఆలస్యంగా దిగుతుంది.
ఇది తలుపు తట్టీ తట్టగానే పలకడం.
ఎర్ర జిలుగు కాగితం పట్టుకున్నాం:
ఛాంబరు మెడంతా కుంకుమ, ముల్లు కదల్లేదు.
నీలం పట్టుకున్నాం. కదిలింది.
ఎంత వెలుగు అని కాదు,
ఏ వెలుగు అని.

"లోపల ఏమీ లేదంటిరి గదా,
మరి పోతాండేది ఎవురు?"

గోడకు అంటుకున్న గ్యాసు, అన్నాను.
ఎంత కాల్చినా వదలనిది.
ఆయన నవ్వాడు.
"మా నాయన తాడిపత్రిలో కలాయి పోసేవాడు.
ఎంత తోమినా రాగి ఉత్త ఒంటితో గడియ కూడా ఉండదంట,
గాలినైనా కప్పుకుంటాదంట.
నవాసారం చల్లంగానే తగరం పూయల్ల.
బీడీ తాగొచ్చి పూస్తే అంటదు."

నేను ఆయనకు చెప్పలేకపోయింది ఇదీ:
ఒక కిరణం పడుతుంది.
రాగిలో ఒక ఎలక్ట్రాన్ ఉలిక్కిపడి లేచి
అంటుకున్న అణువు ఒళ్లో
రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కూర్చుంటుంది.
అంతసేపూ
తమ మధ్య ఉన్నదేదో వాటికే గుర్తుండదు.
చాలామటుకు మళ్లీ గుర్తొస్తుంది.
సర్దుకుంటాయి.
వేలల్లో ఏ ఒక్కటో
గుర్తొచ్చేలోగా
పట్టు దాటిపోయి ఉంటుంది.

తోసినవాళ్లు లేరు, లాగినవాళ్లు లేరు.
శూన్యంలో ఎదురొచ్చేవాళ్లూ లేరు,
గోడ నుంచి గోడకు తిన్నగా పోయి పోయి
గేజీలో పడితే
వెంట్రుకవాసి కదలిక.
దాన్నే నేను ఇరవై రోజులు
లోకం లోపలికి దూరుతోందనుకున్నాను.
లోపలిది వదులుతోందని తోచలేదు.

మాస్టారు నల్లగుడ్డ కట్టించమన్నారు.
కట్టించాం.
ముల్లు పడుకుంది. నాకు కావలసిన శూన్యం వచ్చింది,
అంకెలు వచ్చాయి, రెండు అధ్యాయాలు వచ్చాయి.
లాగ్‌బుక్‌లో నేను లీకు అని రాసిన చోటల్లా
కొట్టేయకుండా, పక్కనే,
వంకర అక్షరాల్లో "ఎండ" అని ఉంది.

ఇప్పటికీ నాలుగూ పదికి
టీ గ్లాసుతో వస్తాడు దస్తగిరి.
గుడ్డ అంచు ఒక వేలితో ఎత్తి
ముల్లును చూస్తాడు.
"పాయ," అంటాడు, నాతో కాదు.

ఆ నిమిషం ఒత్తిడి
నేను రాసుకోను.